వారానికో అమాస

మా ఇంట్లో మగ్గం నడుస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడుకోరు. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచు పట్టు. ఆ రెండింటినీ నేతలోనే కలపాలి కాబట్టి మగ్గం మీద ఇద్దరు కూర్చుంటారు. మా ఇంట్లో ఆ ఇద్దరూ మా అత్త, మా ఆయన. దారం మోసుకుని నాడె అటూ ఇటూ ఉరుకుతుంటే, ప్రతి దెబ్బకూ గచ్చు అదురుతుంటే, ఆ చప్పుడులో నోరు తెరవడం దండగ. అందుకని అన్నీ సైగలే. రెండు వేళ్ళు ఎత్తితే రెండు చాయలు. అరచెయ్యి బోర్లిస్తే ఆగమని. గడప వైపు కనుబొమ్మ ఎగరేస్తే ఎవరొచ్చారో చూడమని.

మా పుట్టిల్లు ఖిల్లా ఘణపూర్. మాదీ నేతవాళ్ళ ఇల్లే కానీ మా నాయన కాలానికే మగ్గం పోయి కుట్టుమిషన్ వచ్చింది. నేను వనపర్తిలో డిగ్రీ చదివాను. పెళ్ళయి గద్వాల అవతల ఈ ఊరికి వచ్చాక ఇంటి సైగలన్నీ నేర్చుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. మా పాపకు అంత కాలం పట్టలేదు. ఏడాది నిండేసరికే రెండు వేళ్ళు ఎత్తి పాలు అడిగేది. ఆ తెలివికి మేమంతా మురిసిపోయాం.

రెండేళ్ళు నిండినా మాట రాలేదు. "మీ ఇంట్ల మాట యాడుంది పిల్లకు రానీకి? అత్తకోడండ్లు మూగనోము పట్టినట్లుంటరు" అని ఎదురింటామె ఎగతాళి చేసేది. మాకూ అదే నిజమనిపించింది. పైగా మగ్గం ఆగితే పాప తల తిప్పి చూసేది. వినకపోతే ఎందుకు తిప్పుతుంది అనుకున్నాను. ఆగింది చప్పుడొక్కటే కాదు, గచ్చు అదురు కూడా ఆగిందని నాకు తట్టలేదు. ధ్వని పాఠంలో మంచి మార్కులు తెచ్చుకున్న దాన్ని నేను.

తెలిసింది కొత్తకోటలో. పుట్టింటికి వెళ్తూ బస్సు మారడానికి హైవే పక్కన నిలబడ్డాం. వెనక నుంచి ఒక లారీ పెద్దగా హారన్ కొట్టింది. నేను ఉలిక్కిపడి చేతిలో సంచి వదిలేశాను. చంకలో పాప బిస్కెట్ తింటోంది. తింటూనే ఉంది. నా భుజం ఎందుకు అదిరిందా అన్నట్టు నా ముఖంలోకి మాత్రం చూసింది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదలదు.

హైదరాబాద్ దవాఖానలో రెండు చెవులకూ బాగా తక్కువ వినపడుతుందన్నారు. రెండు చెవి మిషన్లు పెట్టారు. అక్కడ మాటలు నేర్పే మేడం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నిదానంగా చెప్పింది. "మిషన్ పెడితే చప్పుడు చెవిలో పడుతుందమ్మా. అది మాట అని పాపకు నేర్పాల్సింది మీరు. నాలుగేళ్ళు వచ్చేలోపు ఎంత నేర్పితే అంత. తర్వాత కష్టం." వారం వారం హైదరాబాద్ రాలేమని చెబితే, వీడియోలో చూస్తానంది. ప్రతి బుధవారం పదకొండు గంటలకు, అరగంట. ఎలా నేర్పాలో ఆమె చెప్తుంది, నేను చేస్తాను, పాప ఎలా చేస్తుందో ఆమె చూస్తుంది. చూడడమే అందులో ముఖ్యం అని అప్పుడు నాకు సరిగ్గా అర్థం కాలేదు.

మా ఊరికి నెట్ రాలేదని చెప్పడానికి లేదు. పంచాయతీ ఆఫీసు గోడ దాకా వచ్చింది. దారి పొడవునా గుంత తవ్వి నల్లటి వైరు వేశారు, గోడకు ఒక తెల్లపెట్టె బిగించారు. అందులో పచ్చలైటు వెలిగితే ఇంటింటికీ ఇస్తామన్నారు. మిగిలిన వైరు చుట్ట పెట్టె కిందే మేకుకు వేలాడుతోంది. పంచాయతీ ఊడ్చేటాయన దాని మీద తువ్వాల ఆరేసుకుంటాడు. నేను పాల కోసం వెళ్ళినప్పుడల్లా ఆ పెట్టె వైపు చూసి వచ్చేదాన్ని. "వెలిగిందా?" అని మా ఆయన సైగ చేసేవాడు. నేను అరచెయ్యి బోర్లించేదాన్ని.

ఇక మిగిలింది ఫోన్ సిగ్నల్. అది మా ఇంట్లోకి రాదు, మా మిద్దె మీదికి కొంచెం వస్తుంది, మిద్దె మీద ఇంకో నిలువు ఎత్తుకు పోతే ఇంకొంచెం వస్తుంది. మా ఆయన ఒక ఫోన్‌ను ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి వెదురు గడ కొనకు కట్టాడు. బుధవారం పదకొండుకు ఆ గడ పట్టుకుని ఎండలో నిలబడేవాడు. దాని నుంచి నెట్ కింద నా ఫోన్‌కు దిగేది. దారిలో పోయేవాళ్ళు "ఏందిరా, ఇంత ఎండల జెండా పండుగ చేస్తున్నవ్?" అని అడిగేవాళ్ళు. నవ్వుకుంటూ అరగంట కదలకుండా నిలబడేవాడు. ఆయన చేతులు వణికితే కింద మేడం బొమ్మ ఆగిపోయేది.

పాపకు నేర్పాల్సిన మొదటి ఆట ఇది. పాప ఒక వస్తువును చెవి దగ్గర పట్టుకుని ఉండాలి. నేను పాప వెనక కూర్చుని, కనపడకుండా ఒక్కో శబ్దం చేయాలి. ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. వినపడగానే పాప ఆ వస్తువును బుట్టలో వేయాలి. మాట అంతా ఈ ఆరు శబ్దాల మధ్యలోనే ఉంటుందట. పూసలు గానీ చెక్క దిమ్మెలు గానీ వాడమని మేడం అంది. మా ఇంట్లో కండెలు ఉన్నాయి. నాడెలో పెట్టే దారం చుట్టిన చిన్న గొట్టాలు. పాప పిడికిలికి సరిగ్గా సరిపోతాయి. అత్త ఎదురుగా చాప మీద కూర్చుని కండెల బుట్ట పట్టుకునేది.

పాప మొదటి వారం నుంచే అద్భుతంగా ఆడింది. నేను 'ఆ' అంటే కండె బుట్టలో. 'స్' అంటే కండె బుట్టలో. ఫోన్‌లో మేడం ముఖం సగం కదిలి ఆగేది, గొంతు ముక్కలుగా వచ్చేది. "చాలా... బాగా... వారం..." అని వినపడేది. అంతే చాలని మేం పొంగిపోయేవాళ్ళం. అత్త పాప నెత్తి నిమిరి మెటికలు విరిచేది. ఎనిమిది వారాలు అలా గడిచాయి. అయినా పాప పిలిస్తే పలకదు, ఒక్క మాట అనదు. రాత్రిళ్ళు మిషన్లు తీసేముందు దాని పక్కన పడుకుని నెమ్మదిగా 'స్' అని చూసేదాన్ని. కదలకపోతే నిద్రలో ఉంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని.

తొమ్మిదో వారం మా నాయనకు జ్వరం. వియ్యంకుణ్ణి చూడాలని అత్త కూడా నాతో బయల్దేరింది. బుధవారమే. పదకొండుకల్లా ఖిల్లా ఘణపూర్ చేరి, అక్కడ మిద్దె ఎక్కుదామనుకున్నాను. బస్సు ఆలస్యమై, కొత్తకోటలో దిగేసరికే పదకొండుకు పది నిమిషాలు తక్కువ. ఆ పక్కనే ఒక ధాబా. గోడ మీద 'భోజనం, చాయి, వైఫై' అని రాసి ఉంది. గల్లాపెట్టె దగ్గర బనీనుతో కూర్చున్న పెద్దాయన్ను, ఒక అరగంట నెట్ వాడుకోవచ్చా అని అడిగాను. పాప చెవుల వైపు చూశాడు. ఇంకేమీ అడగలేదు.

"ఈడ లొల్లి చెల్లే. లోపల బియ్యం బస్తాల అర్ర ఉంది, ఆడ కూసోండ్రి. ఈ వైఫై నేను పెట్టింది డ్రైవర్లు ఇంటికి ఫోన్ చేసుకోనీకి. పప్పు బాగలేకున్నా వస్తరు, ఇది బాగలేకుంటె రారు."

బస్తాల మధ్య గోనెసంచి పరుచుకుని కూర్చున్నాం. కండెలు, బుట్ట సంచిలోనే ఉన్నాయి. ఫోన్‌ను ఒక బస్తాకు ఆనించి పెట్టాను. మేడం కనపడింది. ఆగకుండా, చెదరకుండా, కళ్ళు ఆర్పడం కూడా తెలిసేంత స్పష్టంగా. ఆమె కూడా ముందుకు వంగి చూసింది.

"ఇవాళ ఎక్కడున్నారమ్మా? పాపకు బుగ్గ మీద పుట్టుమచ్చ ఉందని ఇప్పుడే చూస్తున్నాను."

ఆట మొదలుపెట్టాం. 'ఆ', కండె బుట్టలో. 'ఊ', కండె బుట్టలో. 'స్', కండె బుట్టలో. మేడం నవ్వుతుందని చూశాను. నవ్వలేదు. తెరకు ఇంకా దగ్గరగా జరిగి, నెమ్మదిగా అడిగింది. "పెద్దమ్మా, మీ కాళ్ళు కొంచెం చీర కింద పెట్టుకుంటారా?"

"నా కాళ్ళతోని ఏం పని బిడ్డా?" అంది అత్త.

"ఒక్కసారి చూద్దాం."

అత్త కాళ్ళు ముడుచుకుని చీర కప్పుకుంది. నేను మళ్ళీ 'ఆ' అన్నాను. పాప కాస్త ఆగి, కండె వేసింది. 'ఊ' అన్నాను. వేసింది. 'స్' అన్నాను. కండె చెవి దగ్గరే ఉంది. ఇంకోసారి అన్నాను. 'ష్' అన్నాను. పాప చెయ్యి కదల్లేదు. అత్త చీర అంచు వైపు, కాళ్ళు ఉండాల్సిన చోటు వైపు, ఓపిగ్గా చూస్తూ కూర్చుంది.

నలభై ఏళ్ళు మగ్గం గుంటలో తొక్కుడు చెక్కలు తొక్కిన కాళ్ళు అత్తవి. ఊరికే కూర్చున్నా బొటనవేలు ఆడుతూనే ఉంటుంది. నా శబ్దం తన చెవిన పడగానే, తనకు తెలియకుండానే, ఆ వేలు నేలను ఒత్తేది. నాడె వేయాల్సిన సమయం వచ్చిందన్నట్టు. పాప ఎనిమిది వారాలుగా చూస్తున్నది ఆ వేలినే. సైగల ఇంట్లో పుట్టిన పిల్ల, ఇదీ ఒక సైగే అనుకుంది. నేను దాని వెనకే కూర్చున్నాను కదా, నాకెందుకు కనపడలేదంటే, అత్త కాలు ఆడడాన్ని చూడడం నేను ఎప్పుడో మానేశాను.

"ఇందులో ఎవరి తప్పూ లేదు" అంది మేడం. "కొన్ని శబ్దాలు అందుతున్నాయి, కొన్ని అందడం లేదు. మిషన్ల సెట్టింగ్ మార్చాలి. ఇంత బాగా కనపడి ఉంటే మొదటి వారమే మార్పించేదాన్ని. నాగర్‌కర్నూల్ వైపు ఒకామె ఇలాగే, గుట్టెక్కి నాతో మాట్లాడుతుంది. గాలి చప్పుడు తప్ప నాకు వాళ్ళ పాప గొంతు వినపడదు. ఇకనుంచి మీరు మాత్రం నాకు ఇలా కనపడే చోటి నుంచే చేయండి."

ఖిల్లా ఘణపూర్ బస్సులో అత్త కిటికీ పక్కన కూర్చుంది. గుట్ట మీద కోట గోడ కనపడుతుండగా, బయటికే చూస్తూ అంది. "నలభై ఏండ్లు బువ్వ పెట్టిన కాలు. ఇయ్యాల పిల్ల నోటికి అడ్డం పడ్డది."

"చదువుకున్న దాన్ని, వెనకే కూర్చున్న దాన్ని, నాకే కనపడలేదు అత్తమ్మా."

"ఎన్మిది వారాలు పాయె."

"పాయె" అన్నాను. పాప మా ఇద్దరి మధ్యా నిద్రపోతోంది. ఆ ఎనిమిది వారాలను నేను ఇప్పటికీ లెక్కపెట్టుకుంటూనే ఉంటాను. నా స్వభావం అంత. కానీ ఆ బస్సులో అత్త నా చెయ్యి పట్టుకుంది. పెళ్ళయిన తర్వాత అదే మొదటిసారి.

ఇంటికి వచ్చాక విషయం చెబితే మా ఆయన మిద్దె మీద గడను చూసి తల దించుకున్నాడు. గద్వాలలో దిగి అడిగితే నెట్ ఉండి, చప్పుడు లేని అర్ర దొరకలేదు. వారం వారం కొత్తకోట అంటే రెండు బస్సులు, రోజంతా. నేనొక్కదాన్నే వెళ్తానన్నాను. "నేనూ వస్త" అంది అత్త. "ఆ పిల్ల నా ఎదురుంగనే నేర్వాలె. నా కాలే చూసి తప్పు నేర్చింది, నా కాలు లేకుండ నేర్వాలె."

"నువ్వు పోతే మగ్గం ఆగుతది గదనే అమ్మా. చీర ఎప్పుడు దిగాలె?" అన్నాడు ఆయన. ఒక్కడే నేసేది కాదు కదా.

నేతవాళ్ళం అమావాస్య నాడు మగ్గం ఎక్కం. మా ఇంట్లో ఆ ఒక్కరోజే మగ్గానికి సెలవు. పండుగలకు కూడా పొద్దున కాసేపు నేసి లేచేవాళ్ళే. అత్త లేచి, నాడెను తుడిచి గూట్లో పెట్టింది. "అమాసకు ఆపుతలేమా? ఇగ మనకు వారానికో అమాస" అంది.

హైదరాబాద్‌లో మిషన్ల సెట్టింగ్ మార్చారు. ఆ తర్వాత ప్రతి బుధవారం పొద్దున్నే గద్వాల బస్సు, అక్కడి నుంచి కొత్తకోట బస్సు. మిషన్ల బ్యాటరీలు ఉన్నాయా, ఫోన్ నిండిందా, బస్సు వస్తుందా అని నేను మళ్ళీ మళ్ళీ చూసుకుంటూనే ఉండేదాన్ని. అత్త ఒళ్ళో కండెల బుట్ట పెట్టుకుని దర్జాగా కూర్చునేది. ధాబా ఆయన మమ్మల్ని చూడగానే పొయ్యి గాలిమర ఆపించేవాడు, మిక్సీ ఆపించేవాడు, గట్టిగా మాట్లాడే డ్రైవర్లను "జర మెల్లగ, లోపల బడి నడుస్తుంది" అని గదిమేవాడు. వేళ్ళు కాలే రొట్టె చేతిలో పట్టుకుని, నోరు మూసుకుని తినే డ్రైవర్లను నేను అక్కడే చూశాను. ఏ ఊరివాళ్ళో, మళ్ళీ ఎప్పుడూ కనపడరు.

"ఏంది పెద్దమ్మా, బుట్టల ఏం తెస్తవ్ ఎప్పుడు సూసినా? గుడ్లా?" అని ఒకసారి ధాబా ఆయన అడిగాడు.

"ఆ, మా పిల్ల మాటలు. నీ బస్తాల మీద పొదుగుతున్న" అంది అత్త. మగ్గం చప్పుడు కింద ఇన్నేళ్ళూ ఇన్ని మాటలు దాచుకున్న మనిషి అని నాకు అప్పటిదాకా తెలియదు.

మేడం అత్తకు ఇంకో పని చెప్పింది. ఇంట్లో ఏం చేసినా పైకి చెప్పాలి, పాప చెవికి దగ్గరగా, పాప చూడకపోయినా. అరవై ఏళ్ళ మనిషి సైగలు మానుకుని మాట నేర్చుకుంది. "నీళ్ళు తెస్తున్న బిడ్డా. చెంబు ముంచుతున్న. ఇగో, పోస్తున్న." ఎదురింటామె గుమ్మంలోకి వచ్చి "ఏమైందే మీ అత్తకు, రేడియో మింగిందా?" అని అడిగింది. అత్త నవ్వి, "నువ్వే గదనే మా ఇంట్ల మాట లేదంటివి" అని నీళ్ళు పోయడం కొనసాగించింది.

'స్' మాత్రం పాప చెవికి అందలేదు. ఒక బుధవారం, రెండు బుధవారాలు, నాలుగు. అత్త కాళ్ళు మడిచి, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, ఊపిరి కూడా బిగబట్టి కూర్చునేది. నేను వెనక నుంచి 'స్' అనేదాన్ని. కండె చెవి దగ్గరే ఉండేది. మేడం "ఓపిక పట్టండి" అనేది. పాపకు మూడేళ్ళు నిండాయి.

అయిదో బుధవారం. నేను ఇంకా నోరు తెరవలేదు, అప్పుడే నీళ్ళు తాగి గ్లాసు కింద పెడుతున్నాను. పాప చేతిలో కండె ఉంది. అది ఉన్నట్టుండి ఆ కండెను బుట్టలో వేసి, తలుపు వైపు తిరిగింది.

"మళ్ళీ చేయండి" అంది మేడం. "మీరేం శబ్దం చేశారు?"

"నేనేం చేయలేదు మేడం."

ముగ్గురం ఒకరినొకరం చూసుకున్నాం. అప్పుడు బయట ధాబా ముందు ఆగుతున్న లారీ ఇంకోసారి బ్రేక్ గాలి వదిలింది. స్స్. పాప బుట్టలోంచి తొందరగా ఇంకో కండె తీసి, చెవికి పెట్టుకుని, బుట్టలో వేసింది. మేడం అద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. చిన్న తెర మీద ఆ తుడుచుకోవడం కూడా ఆగకుండా, చెదరకుండా కనపడింది. అత్త తొడల కింద నుంచి చేతులు తీయడం మరిచిపోయి అలాగే కూర్చుంది. సంగతి విన్న ధాబా ఆయన బయటికి పోయి, ఏం జరిగిందో తెలియని ఆ డ్రైవర్‌కు చాయి ఇచ్చాడు. హారన్ కొడితే వినని నా బిడ్డ, అదే రోడ్డు మీద, లారీ ఊపిరి విన్నది.

ఆ తర్వాత నేను అన్న 'స్' కూడా విన్నది. ఇప్పుడు పాపకు పదీ పన్నెండు మాటలు వచ్చాయి. 'అమ్మ', 'అవ్వ', 'పాలు', 'బస్సు'. బస్సు అన్నప్పుడు చివర కొంచెం ఎక్కువసేపు ఆగుతుంది. పంచాయతీ గోడ మీది పెట్టెలో పచ్చలైటు ఇంకా వెలగలేదు. మొన్న ఎవరో వచ్చి దాన్ని గుడ్డతో తుడిచి, ఫొటో తీసుకుని పోయారు. కోపం వస్తుంది. ఆ పెట్టె ఒక్కటి వెలిగి ఉంటే మాకు ఎనిమిది వారాలు మిగిలేవి. నాగర్‌కర్నూల్ వైపు ఆ తల్లి ఇంకా గుట్ట ఎక్కుతూనే ఉండొచ్చు. కానీ ఇలా రాయడానికి కూర్చుంటే ఎండలో గడ పట్టుకున్న మనిషి, రొట్టె చేత్తో పట్టుకుని నోరు మూసుకున్న డ్రైవర్లు, చేతులు తొడల కింద పెట్టుకున్న మా అత్త గుర్తొస్తారు. వాళ్ళకు దండం పెట్టుకోవడంతోనే సరిపోతోంది, నా కోపానికి సమయం చాలడం లేదు.

ఈ సాయంత్రం వెలుతురు పోయాక మగ్గం ఆపారు. అత్త గోడకు ఆనుకుని కాళ్ళు చాపింది. పాప కండెల బుట్ట ఈడ్చుకొచ్చి అత్త ముందు పెట్టింది. ఒక కండె తీసి అత్త చేతిలో పెట్టి, ఆ చేతిని ఎత్తి అత్త చెవికి ఆనించింది. తర్వాత ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, నా తువ్వాలతో తన నోరు కప్పుకుంది.

"స్" అంది.

అత్త కదల్లేదు. నలభై ఏళ్ళ మగ్గం చప్పుడు ఆమె చెవుల్లో ఏం మిగిల్చిందో, తువ్వాల చాటున అన్నది నిజంగానే వినపడలేదో, పిల్లను ఆడించడానికే ఊరుకుందో నాకు తెలియదు. పాప ఇంకోసారి, ఇంకాస్త పొడవుగా "స్" అంది. అయినా కండె చెవి దగ్గరే ఉంది. పాప ఒకసారి నా వైపు చూసింది. నేను చూడనట్టు తల తిప్పుకున్నాను. అప్పుడది మెల్లగా కాలు ముందుకు చాపి, అత్తకు కనపడేలా, బొటనవేలు నేల మీద ఒత్తింది.

కండె బుట్టలో పడింది.

"యాడ నేర్చినవే దొంగదానా" అంది అత్త, పైకే, పాప చెవికి దగ్గరగా వంగి.

ఇప్పుడు ఇద్దరూ ఒకే దుప్పటి కింద నిద్రపోతున్నారు. పాప మిషన్లు డబ్బాలో ఉన్నాయి. రేపు బుధవారం. బుట్ట సంచిలో పెట్టాను.